దూరవిద్య డిగ్రీకి డబ్బు సాయం: ఎక్కడ అడగాలి, ఎక్కడ అడిగి లాభం లేదు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. మీరు ఇంటర్ సీఈసీ పాసై నాలుగేళ్లయింది. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో బిల్లింగ్ పని, జీతం నెలకు 13 వేలు. ఎస్సీ, రైస్ కార్డు ఉంది, నాన్నగారు లేరు, అమ్మగారు డ్వాక్రా సంఘంలో ఉన్నారు. దూరవిద్యలో బీకాం చేయాలని ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా, రాకపోతే బ్యాంకు లోన్ ఇస్తుందా, గుంటూరులో పెద్దమ్మ గారింట్లో ఉండి ఈ ఏడే ఇంటర్ పూర్తి చేసిన మీ చెల్లెలు కూడా దూరవిద్యలోనే చేరితే నయమా అని అడిగారు.

రెగ్యులర్ కాలేజీలో ముందు చేరతారు, తర్వాత స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటారు. దూరవిద్యలో ఆ వరస తిరగబడుతుంది. ఇక్కడ దొరికే సాయంలో ఎక్కువ భాగం అప్లికేషన్ నింపేటప్పుడే దొరుకుతుంది. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫారంలో ఏ గడిలో టిక్ పెట్టారు అన్నదాన్ని బట్టే అది ఉంటుంది. డబ్బు కట్టేసి రసీదు పట్టుకుని సాయం కోసం తిరిగితే నూటికి తొంభై చోట్ల "మీది రెగ్యులర్ కాదు కదా" అన్న మాటే వినిపిస్తుంది. అందుకే ఇంకా చేరకముందే అడగడం మంచిదైంది.

ముందు రాని వాటి సంగతి తేల్చేద్దాం. మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరు ప్రభుత్వాన్ని బట్టి మారింది. 2019 తర్వాత విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు, 2024 తర్వాత మళ్లీ ఆర్‌టీఎఫ్ (ట్యూషన్ ఫీజు), ఎంటీఎఫ్ (తిండి, వసతి ఖర్చు) అంటున్నారు. పేరేదైనా అది రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లేవారికే. 2019 మార్గదర్శకాల్లోనే కరస్పాండెన్స్, దూరవిద్య విద్యార్థులు అనర్హులని స్పష్టంగా రాశారు. పైగా 75 శాతం హాజరు అడుగుతారు. దూరవిద్యలో ఆ లెక్కే లేదు. వార్డు సచివాలయంలో ఎవరైనా "పెట్టి చూద్దాం లెండి" అంటే ఆ మాట నమ్మి ఫీజు గడువు దాటించుకోవద్దు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో డిగ్రీ విద్యార్థులకు బాగా తెలిసినది సెంట్రల్ సెక్టార్ స్కీమ్. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12 వేలు ఇస్తారు. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన, అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉండాలి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. మీ మార్కులు సరిపోయినా అక్కడా రెగ్యులర్ కోర్సు షరతు ఉంది, దూరవిద్య, కరస్పాండెన్స్ చెల్లవని ఆ స్కీమ్‌లోనే రాశారు. పెద్ద కంపెనీల ఫౌండేషన్లదీ ఎక్కువగా ఇదే తీరు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ స్కాలర్‌షిప్ కూడా ఫుల్‌టైమ్ రెగ్యులర్ వాళ్లకే. ఏ ప్రకటన చూసినా ముందు అర్హత పేరాలో "రెగ్యులర్" "ఫుల్‌టైమ్" అన్న మాటలు వెతకండి. అవి కనిపిస్తే అక్కడితో వదిలేయండి. ఆ ఫారాల వెనక పోగొట్టుకునే రెండు మూడు సెలవుల్ని సర్టిఫికెట్ల పనికి వాడుకోవచ్చు.

ఫారంలో కోర్సు విధానం అడిగినచోట దూరవిద్య బదులు రెగ్యులర్ అని పెట్టమని నెట్ సెంటర్లలో సలహా ఇస్తుంటారు. అలా చేయకండి. పోర్టల్లో ముందు చదివే సంస్థలోని నోడల్ అధికారి, ఆ తర్వాత జిల్లా స్థాయి అధికారి చూసి పాస్ చేస్తారు. మొదటి చోటే దొరికిపోతుంది. పోర్టల్లో ఒకసారి నమోదైతే ఇచ్చే ఓటీఆర్ నంబరు ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ రిజెక్షన్ మీ పేరు మీదే ఉండిపోతుంది.

ఇక వచ్చే వాటి సంగతి. మీకు అన్నిటికన్నా దగ్గరి దారి ఇగ్నో, అంటే దూరవిద్య కోసమే ఉన్న కేంద్ర యూనివర్సిటీ. విజయవాడలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కొన్ని కోర్సుల్లో ప్రోగ్రామ్ ఫీజు మాఫీ ఇస్తారు. ఏ సెషన్‌లో ఏ కోర్సులకన్నది ఆ సెషన్ ప్రాస్పెక్టస్‌లోనూ అడ్మిషన్ పోర్టల్‌లోనూ ఉంటుంది. కిందటేడాది ఎవరికో వచ్చిందని ఈ ఏడు అనుకోవద్దు, ఆ జాబితా చూసి మీరు కోరుకున్న బీకాం అందులో ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. ఫారం నింపేటప్పుడు కేటగిరీ ఎస్సీ అని ఎంచుకున్నాక ఫీజు మాఫీ కావాలా అని అడుగుతుంది. అక్కడ అవునన్న వాళ్లకే వర్తిస్తుంది. పొరపాటున కాదని పెట్టి ఫీజు మొత్తం కట్టేసి, తర్వాత వెనక్కి ఇమ్మని ఉత్తరాలు రాసేవాళ్లు ప్రతి సెషన్‌లోనూ ఉంటారు. కట్టాల్సిన మొత్తం చూపించే స్క్రీన్ దగ్గర ఒక నిమిషం ఆగి చూడండి. మాఫీ పడితే ప్రోగ్రామ్ ఫీజు పోయి, రిజిస్ట్రేషన్ లాంటి చిన్న మొత్తమే మిగులుతుంది. మొత్తం ఫీజు చూపిస్తోందంటే మాఫీ పడలేదని అర్థం, వెనక్కి వెళ్లి సరిచేయండి.

ఇంకో షరతు చాలామందిని దెబ్బతీస్తుంది. ఒక సెషన్‌లో ఒక్క కోర్సుకే మాఫీ అడగాలి. దొరికినదాంట్లో చేరదామని బీకాంకి ఒకటి, బీఏకి ఒకటి, సర్టిఫికెట్ కోర్సుకి మరొకటి పెట్టి మూడింటిలోనూ మాఫీ అడిగితే అన్ని దరఖాస్తులూ తిరస్కరిస్తారు. ఒకటే పెట్టండి, సరిగ్గా పెట్టండి. కింద ఉండే డిక్లరేషన్ కూడా చదివి టిక్ చేయండి, ఆ సెషన్ షరతులన్నీ అక్కడే ఉంటాయి.

మాఫీలో పరీక్ష ఫీజు కలవదు. పేపరుకు 200 చొప్పున విడిగా కట్టాలి. ఏడాదికి సుమారు ఎనిమిది పేపర్లు అనుకుంటే 1,600. రెండో ఏడు, మూడో ఏడు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం మీ జేబులోంచే కట్టాలనుకుని లెక్క వేసుకోండి. అప్పుడు మాఫీ వస్తే అది మిగులు. రాకపోయినా చదువు ఆగదు. ఇగ్నోలో మామూలు డిగ్రీ ప్రోగ్రామ్ ఫీజు ఏడాదికి నాలుగైదు వేల పరిధిలో ఉంటుంది. మాఫీ అసలు దొరకకపోయినా పరీక్ష ఫీజుతో కలిపి ఏడాదికి ఆరున్నర వేలు, అంటే నెలకు 550 లోపు. పదమూడు వేల జీతంలో ఇది తేలికని అనను. కానీ అప్పు చేయాల్సినంత మొత్తం కూడా కాదు.

పుస్తకాల దగ్గర ఒక చిన్న లెక్క ఉంది. ముద్రించిన పుస్తకాలు వద్దని డిజిటల్ పుస్తకాలు ఎంచుకుంటే ప్రోగ్రామ్ ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. ఫీజు 4,500 అయితే 675 మిగులుతుంది. బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ షాపులో పది గంటలు నిలబడి వచ్చి రాత్రి ఫోన్‌లో అకౌంటెన్సీ చదవడం ఎంతమందికి సాగుతుంది? చివరికి పరీక్షల ముందు జిరాక్స్ సెంటర్‌కి వెళ్తారు. పేజీ రూపాయి అనుకున్నా 675 పేజీలకే ఆ మిగులు అయిపోతుంది, ఏడాది పుస్తకాలన్నీ కలిపితే అంతకన్నా చాలా ఎక్కువ. మీలాంటివాళ్లకు ముద్రిత పుస్తకాలే మేలని నా అభిప్రాయం. ఇంట్లో ట్యాబ్, కంప్యూటర్ ఉన్నవాళ్లు తగ్గింపు తీసుకోవచ్చు. ఎటు తీసుకున్నా అవే పాఠాలు ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఎవరికైనా ఉచితం, పుస్తకాల కట్ట రావడం ఆలస్యమైతే అక్కడ మొదలుపెట్టేయండి.

రెండో దారి సాంఘిక సంక్షేమ శాఖ. ఇది పాతది, నెమ్మదిగా సాగేది. చాలామంది దీని జోలికే వెళ్లరు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ పథకంలో కరస్పాండెన్స్ విద్యార్థులకు చాలాకాలంగా చోటుంది. 2010లో సవరించిన మార్గదర్శకాల్లో తిరిగి ఇవ్వని తప్పనిసరి ఫీజులతో పాటు పుస్తకాలకు ఏడాదికి 1,200 అని రాశారు. ఉద్యోగం చేస్తున్న విద్యార్థి సంగతి కూడా అందులో ఉంది. అతని జీతం, తల్లిదండ్రుల ఆదాయం కలిపి పరిమితి లోపు ఉంటే తప్పనిసరి ఫీజులు వెనక్కి పొందవచ్చు. ఆదాయ పరిమితి ఇప్పుడు రెండున్నర లక్షలు. మీ జీతం ఏడాదికి 1,56,000 అవుతుంది. అమ్మగారి ఆదాయం కలిపినా లోపే ఉండాలి.

మరి రాష్ట్రం దూరవిద్యను పక్కన పెట్టింది కదా అంటారా? చిక్కు అక్కడే ఉంది. పథకం కేంద్రానిది, ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం పెడతాయి, అమలు మాత్రం రాష్ట్రం చేతిలో, రాష్ట్ర పోర్టల్ మీద జరుగుతుంది. అందుకే దీన్ని ఖాయంగా వచ్చే డబ్బుగా లెక్కలో వేసుకోవద్దు. కానీ కాగితం పెట్టడానికి దారి ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఫీజు తిరిగి పొందడానికి సాంఘిక సంక్షేమ అధికారి కార్యాలయం నుంచి ఫారం తెచ్చుకుని, నింపి, ఇగ్నో రీజనల్ డైరెక్టర్ ద్వారా పంపాలని ఇగ్నో ప్రాస్పెక్టస్‌లోనే ఉంటుంది. నేరుగా జిల్లా ఆఫీసులో ఇస్తే "యూనివర్సిటీ సంతకం ఏది" అని తిప్పి పంపుతారు. ముందు ప్రాంతీయ కేంద్రంలో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రెండు నెలలైనా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాపీ జతచేసి అర్జీ ఇవ్వండి. నోటితో చెప్పి వస్తే ఏమీ జరగదు, నంబరు పడిన అర్జీకి కనీసం రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఒక జాగ్రత్త: ఇగ్నోలో మాఫీ తీసుకుని, అదే ఫీజును ఇక్కడా అడగకూడదు. కట్టిన డబ్బునే తిరిగి అడగవచ్చు.

జిల్లా పేరు దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. చాలామంది ఆధార్‌లో ఇంకా కృష్ణా అనే ఉంటుంది, పాత కుల ధ్రువపత్రం మీదా అంతే. గుంటూరు వైపు కూడా పాత జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. ఆన్‌లైన్ ఫారంలో జిల్లా ఎంచుకునేటప్పుడు ఇప్పుడు ఉన్న జిల్లా పెట్టండి, ఆ జిల్లా అధికారి లాగిన్‌కే ఫైలు వెళ్తుంది. పాత పేరు పెడితే మచిలీపట్నం ఆఫీసులో పడి ఉంటుంది, మీరు విజయవాడలో తిరుగుతుంటారు.

నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రం సంగతి. విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీదే క్యాంపస్. రెండు ఊళ్ల నుంచీ బస్సులుంటాయి, స్టాపు పేరే యూనివర్సిటీ. తెలుగు మీడియంలో రాయాలనుకుంటే ముందు ఇక్కడి ప్రాస్పెక్టస్‌లో ఆ కోర్సు మాధ్యమం ఏమిటో చూడండి. ఇగ్నోలో డిగ్రీ పాఠాలు ప్రధానంగా ఇంగ్లిష్, హిందీల్లోనే. ఇంగ్లిష్ భయంతో రెండుసార్లు తప్పితే ఫీజు మాఫీతో మిగిలిందంతా మళ్లీ పరీక్ష ఫీజులకే పోతుంది. ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చదివారా తెలుగులోనా అన్నది మీరు రాయలేదు. మీ నిర్ణయంలో అన్నిటికన్నా బరువైన విషయం అదే.

ఎక్కడ చేరినా ఫీజు యూనివర్సిటీ ఆన్‌లైన్ పేమెంట్‌లోనే కట్టండి. స్టడీ సెంటర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ల సొంత ఫోన్‌పే నంబరుకు కట్టకండి. యూనివర్సిటీలు దూరవిద్యను ఫ్రాంచైజీకి ఇవ్వకూడదని, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ నిబంధన. "అడ్మిషన్, పుస్తకాలు, పరీక్ష, పాస్ అన్నీ మేమే" అనే ప్యాకేజీల్లో యూనివర్సిటీకి వెళ్లే ఫీజు ఎంతో, మధ్యవాడిది ఎంతో రసీదులో కనిపించదు. కనిపించని ఫీజుకు మాఫీ గానీ రీయింబర్స్‌మెంట్ గానీ ఎవరూ ఇవ్వరు. ఇక గోడల మీద, కరెంటు స్తంభాల మీద రాసే "వన్ సిట్టింగ్ డిగ్రీ" సంగతి చెప్పక్కర్లేదు. మూడేళ్ల డిగ్రీని ఒక్క దఫాలో ఇచ్చే చట్టబద్ధమైన దారి ఏదీ లేదు. ఒరిజినల్ మెమోలు కూడా ఎవరి దగ్గరా వదలకండి. చూపించి, స్కాన్ ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి. బాకీ ఉందని మెమోలు ఆపేస్తే వాటిని విడిపించుకోవడానికయ్యే ఖర్చు ఏ స్కాలర్‌షిప్‌లోనూ రాదు.

యూనివర్సిటీ పేరు విన్నదైనంత మాత్రాన ఆ కోర్సుకు అనుమతి ఉన్నట్టు కాదు. యూజీసీ దూరవిద్యా విభాగం, అందరూ డెబ్ అంటారు, తన సైట్‌లో సెషన్‌వారీగా ఏ సంస్థకు ఏ కోర్సులు నడిపే అనుమతి ఉందో జాబితా పెడుతుంది. అందులో మీ కోర్సు పేరు కనిపించాలి. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరవిద్యలో అసలు ఉండకూడదు. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటివి కూడా 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేయమన్నారు. బీకాంకి ఆ ఇబ్బంది లేదు. అనుమతి ఉన్న సంస్థలో దూరవిద్యలో చేసిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ మళ్లీ స్పష్టం చేసింది. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు రాయాలన్న ఆలోచన ఉంటే ఈ జాబితా పేజీ పీడీఎఫ్ తీసి దాచుకోండి.

2024 సెప్టెంబరు నుంచి దూరవిద్యలో చేరాలంటే డెబ్ ఐడీ తప్పనిసరి. దానికి ముందు డిజీలాకర్‌లో లాగిన్ అయి 12 అంకెల ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీసుకోవాలి. ఆ నంబరుతో యూజీసీ డెబ్ పోర్టల్‌లో డెబ్ ఐడీ చేసుకుని, దాన్ని అడ్మిషన్ ఫారంలో వేయాలి. పని పది నిమిషాలదే, డబ్బేమీ తీసుకోరు. కానీ మన తెలుగువాళ్లకు ఇక్కడే అసలు తంటా, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, లేదా ముందుది వెనక్కి పోతుంది. ఇంటర్ మెమోలో ఇంకో రకం. ఏబీసీ ఐడీ ఆధార్ పేరుతో వస్తుంది, యూనివర్సిటీ టెన్త్ మెమో చూస్తుంది, స్కాలర్‌షిప్ పోర్టల్ రెండూ చూస్తుంది, బ్యాంకు ఇంకో పేరు చూపిస్తుంది. టెన్త్ మెమోలో మార్పు చేయించుకోవడం పెద్ద పని. ఆధార్‌ను టెన్త్ మెమోకి తగ్గట్టు మార్చుకోవడం తేలిక. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి స్పెల్లింగ్ కాగితం మీద రాసి తీసుకెళ్లి, ఆపరేటర్ టైపు చేసినది చదివాకే సంతకం పెట్టండి. ఈ పని అడ్మిషన్లు మొదలవడానికి కనీసం నెల ముందు అయిపోవాలి. జులైలో అడ్మిషన్ అంటే మే, జూన్‌లోనే.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు వార్డు సచివాలయంలో పెట్టండి. కింది స్థాయి విచారణ అయ్యి తహసీల్దారు సంతకం పడాలి కాబట్టి చివరి రోజు దాకా ఆగొద్దు. ఆదాయ పత్రం మీద రాసే మొత్తం మీ జీతం స్లిప్పుకు దగ్గరగా ఉండాలి. అలవాటు కొద్దీ అరవై వేలని రాయించుకుంటారు కొందరు. బ్యాంకు ఖాతాలో నెలకు 13 వేలు పడుతుంటే ఆ కాగితం ఎదురు తిరుగుతుంది. అసలు నిజం రాసినా మీరు పరిమితి లోపే ఉన్నారు కదా.

డబ్బు మంజూరైనా చేతికి రాకపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం బ్యాంకు ఖాతా. స్కాలర్‌షిప్ మీరు ఫారంలో రాసిన ఖాతాకే వస్తుందని అనుకుంటారు. ఆధార్ ద్వారా పంపే చెల్లింపు అలా వెళ్లదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర మీ ఆధార్‌కు చివరిగా ఏ బ్యాంకు మ్యాప్ అయి ఉందో అందులో పడుతుంది. ఎప్పుడో షాపు యజమాని జీతం కోసం తీయించిన ఖాతా, ఫోన్‌లో సరదాగా తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా, వీటిలో ఏదో ఒకదానికి అది మారిపోయి ఉంటుంది. "మా బ్యాంకులో ఆధార్ లింక్ అయ్యే ఉంది" అని కౌంటర్లో చెప్పినా సరిపోదు. లింక్ వేరు, ఎన్‌పీసీఐ దగ్గర ఆ మ్యాపింగ్, అంటే సీడింగ్, వేరు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో, యాక్టివా కాదా తెలుస్తుంది. మార్చుకోవాలంటే కావలసిన బ్రాంచికి వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వండి. ఆ ఖాతా చాలాకాలంగా వాడకుండా నిద్రావస్థలో ఉంటే ముందు కేవైసీ ఇచ్చి లేపండి.

ఇక లోను. బ్యాంకుల విద్యారుణాల్లో 4 లక్షల దాకా తాకట్టు, మార్జిన్ (మన వాటాగా పెట్టే సొమ్ము) అక్కర్లేదన్న మాట నిజమే. పీఎం విద్యాలక్ష్మి వచ్చిందన్నదీ నిజమే. అయితే ఆ పథకం ఎంపిక చేసిన ఉన్నత సంస్థల్లో మెరిట్ మీద సీటు తెచ్చుకున్నవారిని ఉద్దేశించినది. దూరవిద్య బీకాంకి ఏడాదికి ఆరేడు వేల కోసం విద్యారుణం అడిగితే బ్రాంచిలో ఎవరూ ఆసక్తి చూపరు, ఆ తిరుగుడుకు పోయే జీతం కూడా కలిపితే గిట్టుబాటు కాదు. మీకు విద్యారుణం అవసరం లేదు. ఒక్కసారిగా నాలుగు వేలు కట్టాల్సిన నెల ఇబ్బంది అయితే అమ్మగారి డ్వాక్రా సంఘంలో అంతర్గత అప్పు అడగండి. రూపాయి వడ్డీకి 5 వేలు పది నెలల్లో తీరిస్తే, నెలనెలా అసలు తగ్గుతుంది కాబట్టి వడ్డీ మొత్తం 275కి మించదు.

ఇది చదివేవాళ్లలో ఆన్‌లైన్ ఎంబీఏ చూస్తున్నవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం ఒక మాట. అక్కడ ఫీజు లక్షల్లో ఉంటుంది, కౌన్సెలర్ ఫోన్‌లోనే "ఈజీ ఈఎంఐ" అంటాడు. అది స్కాలర్‌షిప్ కాదు, యూనివర్సిటీ ఇచ్చే వాయిదా కూడా చాలాసార్లు కాదు. ఏదో ఫైనాన్స్ కంపెనీ మీ పాన్ మీద ఇచ్చే అప్పు. లెక్క చూడండి. లక్షన్నర ఫీజు, 24 నెలలు, 14 శాతం ఫ్లాట్ అంటారు. వడ్డీ 42 వేలు, మొత్తం 1,92,000, నెలకు 8 వేలు. చూడటానికి రూపాయి చిల్లర వడ్డీలా ఉంటుంది. కానీ ప్రతినెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి లక్షన్నర మీదే వేస్తున్నారు. తగ్గే అసలు మీద లెక్కకడితే అది ఏడాదికి సుమారు 25 శాతం, అంటే రెండు రూపాయల వడ్డీ పైమాటే. మధ్యలో చదువు మానేసినా ఈఎంఐ ఆగదు, సిబిల్ (అప్పుల చరిత్ర స్కోరు) చెడిపోతుంది. యూనివర్సిటీకే నేరుగా సెమిస్టర్‌వారీగా కట్టే వీలుందా అని ముందు అడగండి. బ్యాంకు నుంచి సరైన విద్యారుణమే తీసుకుంటే దాని వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. పన్ను మినహాయింపుకు చూపే ట్యూషన్ ఫీజు మాత్రం పిల్లల ఫుల్‌టైమ్ చదువుకే, మన దూరవిద్య ఫీజు అందులో రాదు.

సాయం తెచ్చుకోవడం కన్నా ఉన్న డబ్బు పోగొట్టుకోకపోవడం దూరవిద్యలో పెద్ద పని. ఇగ్నోలో అసైన్‌మెంట్లకు 30 శాతం బరువు, పరీక్షకు 70, రెండింటిలోనూ విడివిడిగా పాస్ కావాలి. అసైన్‌మెంట్లు గడువులో ఇవ్వకుండా పరీక్ష ఫీజు కట్టేసేవాళ్లు ఎంతోమంది. పరీక్ష రాసినా ఫలితం పూర్తికాదు. పరీక్ష ఫారం గడువు దాటితే లేట్ ఫీజు 1,100. ఆ డబ్బుతో అయిదు పేపర్లు రాయొచ్చు. మొదటి ఏడాది పేపర్లు మిగిలాయని రెండో ఏడాది రీ-రిజిస్ట్రేషన్ ఆపుకోవద్దు. అక్కడ పాస్ అయితేనే పైకి అన్న పద్ధతి లేదు, గడువులో రీ-రిజిస్ట్రేషన్ చేసుకోకపోతే ఏడాది పోతుంది. మూడేళ్ల డిగ్రీ ముగించడానికి గరిష్ఠంగా ఆరేళ్ల గడువు ఉంది గనక షాపులో ఏడాది చివరి లెక్కల ఒత్తిడి ఉన్నప్పుడు జూన్‌కి నాలుగు పేపర్లు, డిసెంబరుకు నాలుగు అని పంచుకోండి. ఎనిమిదీ ఒకేసారి కట్టి మూడు తప్పడం కన్నా అది చవక.

చెల్లెలి విషయంలో మాత్రం నా సలహా వేరు. ఆమెకు ఉద్యోగం లేదు, ఇంటర్ ఇప్పుడే అయింది. ఆమెను దూరవిద్యలో చేర్పిస్తే ఫీజు తక్కువగా కనిపిస్తుంది గానీ, ఎస్సీ విద్యార్థినిగా ఆమెకు రావలసిన ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ రెండూ మీ చేతులతో మీరే వదిలేసినట్టు. వసతి దీవెన రోజుల్లో డిగ్రీ వాళ్లకు తిండి, వసతి ఖర్చుకే ఏడాదికి 20 వేలు నిర్ణయించారు. దూరవిద్యలో ఆ పూచీ లేదు. గుంటూరులో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది, విజయవాడకి వచ్చేస్తానంటే మాచవరంలో ఎస్సారార్ కాలేజీ ఉంది. సీట్లు ఉన్నత విద్యామండలి నడిపే ఆన్‌లైన్ అడ్మిషన్లలోనే, ఓఏఎండీసీ అంటారు. వెబ్ ఆప్షన్లలో ప్రభుత్వ కాలేజీలను పైన పెట్టండి. ప్రైవేటు కాలేజీ ఎంచుకుంటే కన్వీనర్ కోటా సీటేనా అని చూసుకోండి, మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ లేదు. రీయింబర్స్‌మెంట్ విడతలు ఆలస్యమైనప్పుడు ప్రైవేటు కాలేజీలు "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటుంటాయి. ప్రభుత్వ కాలేజీలో ఆ ఫీజే తక్కువ కాబట్టి ఆ ఒత్తిడి ఉండదు.

మీ ఇద్దరూ ఒకే రైస్ కార్డులో ఉంటే మీ జీతం ఆమె కుటుంబ ఆదాయంలో కలుస్తుంది. 1,56,000తో పాటు అమ్మగారిదీ కలిపి రెండున్నర లక్షలు దాటకుండా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఇద్దరి ఆదాయ పత్రాలూ ఒకే రోజు, ఒకే సచివాలయంలో, ఒకే అంకెతో తీయించండి. ఆమె రెగ్యులర్‌లో ఉంటూనే దూరవిద్యలో ఇంకో డిగ్రీ కూడా చేసుకోవచ్చని 2022 నుంచి యూజీసీ అనుమతించింది. కానీ మొదటి ఏడాది ఆ ఆలోచన పెట్టుకోవద్దు, 75 శాతం హాజరు తగ్గితే చేతిలో ఉన్న రీయింబర్స్‌మెంట్ పోతుంది.

మీ ఇంటర్ మాధ్యమం ఏదో, ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూసి రాయండి. ఇగ్నోనా నాగార్జునా అన్నది దాన్ని బట్టి చెప్తాను.